అడుగకుండ చేసిన మేలు

ధ్యాన భాగము: లూకా 1:26–38



నజరేతులోని కన్యకయొద్దకు గబ్రియేలు దూత వచ్చిన వృత్తాంతమును మనము ప్రతి క్రిస్మసునందు వినుచున్నాము. సండేస్కూలు పిల్లలు దానిని అభినయించి చూపుచున్నారు. అయినను ఆ భాగములోని యొక చిన్న సంగతి మన దృష్టికి సాధారణముగా రాదు. దూత తన వర్తమానమును చెప్పి వెంటనే వెళ్లిపోలేదు. ఇది యెట్లు జరుగునని మరియ యడిగినప్పుడు అతడు ఆమెను గద్దింపలేదు, తగిన ఉత్తరమిచ్చెను. పిమ్మట ఆమె తాను ప్రభువు దాసురాలనని యొప్పుకొని ఆ మాటకు సమ్మతించెను. అప్పుడే దూత ఆమెయొద్దనుండి వెళ్లెను.

దేవుని సంకల్పము మనుష్యుల యిష్టముపై ఆధారపడినదని మేము చెప్పుట లేదు. ఆ సంకల్పమును నెరవేర్చుటకు ఆయన ఎన్నుకొనిన మార్గమును మాత్రమే చూపుచున్నాము. తన మాట చేత లోకములను కలుగజేసినవాడు, ఒక బీద కన్యక గర్భమును గూర్చిన కార్యమును ఆమెకు ముందుగా తెలియజేసెను. ఆమె ప్రశ్నకు చోటిచ్చెను. ఆమె నోటి మాట కొరకు తన దూతను నిలిపి యుంచెను. సర్వశక్తుడే ఇట్లు చేసియుండగా, మనుష్యులమైన మనము ఒక స్త్రీ దేహమును గూర్చి ఆమెను అడుగకుండ నిర్ణయించుట తగునా? ఆమె మేలు కోరియే చేసినను, అడుగకుండ చేసినది మేలగునా? ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న యిదే.

ఇది ఆడవారి మాట, సంఘ పత్రికలో వ్రాయదగినది కాదని కొందరు పెద్దలు తలంపవచ్చును. కన్యక గర్భమును గూర్చి పాటలు పాడు సంఘము, తన సొంత సహోదరీల గర్భమును గూర్చి మాటలాడుటకు సిగ్గుపడ నక్కరలేదు.

మన గ్రామములలో జరుగుచున్న దానిని చూడుడి. పిల్ల పదునెనిమిదో పందొమ్మిదో యేట పెండ్లియై అత్తవారింటికి వచ్చును. రెండవ కాన్పు అయిన వెంటనే ఇంటిలో మాట పుట్టును: ఇక ఆపరేషన్ చేయించవలెను. ఏ నెలలో చేయించవలెనో అత్తగారు చెప్పును. పొలములో పని తక్కువగానున్న దినములు చూచుకొందురు. ఏ ఆసుపత్రికి పోవలెనో పెనిమిటి చెప్పును. పేరు వ్రాయించుటకు ఆశా కార్యకర్త వచ్చును. ఆమెయు మన యూరి బిడ్డయే, ఇన్ని పేర్లు తేవలెనని పైవారు ఆమెను తొందరపెట్టిన దినములును కలవు. ఇందరు మాటలాడిన తరువాత కాగితము మీద వ్రేలిముద్రయో సంతకమో పెట్టుటకు ఆ పిల్లను పిలుతురు. ఆ కాగితములో ఏమున్నదో ఆమెకు చదివి వినిపించిన వారెవరు? నీకేమి కావలెనని ఆమెను ఒంటరిగా అడిగినవారెవరు?

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశములో 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది ఈ ఆపరేషన్ చేయించుకొనినవారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య నూటికి సుమారు 70. ఇరువదియైదు ఏండ్లు నిండకముందే చేయించుకొనినవారు మన ప్రాంతములో అనేకులు. అదే సర్వేలో పురుషుల ఆపరేషన్ లెక్క దేశమంతటిలో నూటికి ఒకటి కూడ కాదు. వెయ్యికి మూడు మాత్రమే. ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినయెడల, భారము ఎవరి మీద మోపబడినదో చదువు రానివారికిని తెలియగలదు.

ఈ భారము ఒక్క దినములో వచ్చినది కాదు. మన ప్రభుత్వము 1952లో కుటుంబ నియంత్రణ కార్యక్రమమును ఆరంభించెను. ప్రభుత్వమే దేశవ్యాప్తముగా ఇట్టి కార్యక్రమమును చేపట్టుట ప్రపంచములో అదియే మొదటిది. అత్యవసర పరిస్థితి కాలములో, 1976–77 సంవత్సరములో, సుమారు 82 లక్షల ఆపరేషన్లు జరిగినవి. వారిలో ఎక్కువమంది పురుషులే. ఉద్యోగము పోవునని, జీతము ఆగునని, రేషను దొరకదని భయపెట్టి అనేకులను తీసికొనిపోయిరి. బీదలే ఎక్కువగా చిక్కిరి. 1977లో జరిగిన ఎన్నికలలో ప్రజలు తమ కోపమును చూపిరి. ఆ పిమ్మట పురుషుల ఆపరేషన్ మాట యెత్తుటకే నాయకులు జంకిరి. కార్యక్రమము మాత్రము ఆగలేదు. అది స్త్రీల వైపునకు తిరిగెను. పురుషుడు కోపపడగలడు, ఓటు చేత పడగొట్టగలడు. ఇంటిలో నోరు విప్పలేని స్త్రీ ఏమి చేయగలదు?

2012 జనవరి 7వ తేదీ రాత్రి బీహారు రాష్ట్రము, అరరియా జిల్లాలోని యొక పాఠశాలలో రెండు గంటలలో 53 మంది స్త్రీలకు ఒక్క వైద్యుడు ఆపరేషన్ చేసెను. పిల్లలు చదువుకొను బల్లల మీద, టార్చిలైటు వెలుతురులో చేసిరి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము, బిలాస్‌పూరు దగ్గర కొద్ది గంటలలో 83 మందికి ఒక్క వైద్యుడు ఆపరేషన్ చేయగా, వారిలో పదమూడుమంది చనిపోయిరి. ఇవి దూరపు సంగతులని మనము అనుకొన వీలు లేదు. 2022 ఆగస్టు 25న తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో 34 మంది స్త్రీలకు ఒకే దినమున ఆపరేషన్ చేసిరి. కొద్ది దినములలోనే నలుగురు తల్లులు చనిపోయిరి. వారి బిడ్డలు మన భాషలోనే అమ్మా అని పిలుచు బిడ్డలు.

ఈ విషయమున మౌనముగా నుండక నిలిచినవారును కలరు. అరరియాలో జరిగిన దానిని బట్టి దేవికా బిశ్వాస్ అను ఆరోగ్య కార్యకర్త 2012లోనే సుప్రీంకోర్టుకు వెళ్లెను. నాలుగేండ్ల తరువాత, 2016 సెప్టెంబరు 14న, కోర్టు తీర్పు చెప్పెను. 2010 నుండి 2013 వరకు ఈ ఆపరేషన్ల సందర్భములో 363 మంది చనిపోయిరను లెక్క ఆ తీర్పులో కలదు. ఇట్టి శిబిరములను మూడేండ్లలోగా నిలిపివేయవలెననియు, స్త్రీకి ఆమె భాషలో అన్నియు విడమరచి చెప్పవలెననియు, లెక్కల కొరకు బలవంతము జరుగరాదనియు కోర్టు ఆజ్ఞాపించెను. ఒక స్త్రీ ఇతర స్త్రీల పక్షమున తలుపు తట్టినందువలన ఈ దేశములోని బీద స్త్రీలందరికిని ఆ మాట లభించెను. అన్యాయస్థుడైన న్యాయాధిపతియొద్దకు విసుగక వెళ్లిన విధవరాలి ఉపమానము (లూకా 18) మనకు జ్ఞాపకము రావలెను.

ఇక్కడ ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను. ఆపరేషన్ పాపమని మేము వ్రాయుట లేదు. కాన్పు కాన్పునకు చావు అంచుకు పోయి వచ్చిన స్త్రీలు ఎందరో కలరు. ఇక చాలునని తానే కోరుకొని చేయించుకొని, దేవునికి స్తోత్రము చెప్పినవారు మన సంఘములలోనే యున్నారు. వారి నిర్ణయమును తప్పుపట్టుటకు మనకు అధికారము లేదు. మా ప్రశ్న ఆపరేషన్‌ను గూర్చినది కాదు, అడుగుటను గూర్చినది.

ఆమె సరేనన్నది గదా అని కొందరు చెప్పుదురు. సరే అను మాట ఒక్కటే గాని దాని వెనుక మూడు వేరు వేరు సంగతులు ఉండవచ్చును. తెలిసి చెప్పిన సరే యొకటి. తెలియక చెప్పిన సరే యొకటి: ఈ ఆపరేషన్ అయిన పిమ్మట మరల బిడ్డలు కలుగుట బహు కష్టమనియు, తాత్కాలికమైన ఇతర పద్ధతులు ఉన్నవనియు ఆమెకు ఎవరును చెప్పియుండరు. భయము చేత చెప్పిన సరే మరియొకటి: కాదన్నచో ఇంటిలో చోటుండదని ఆమె యెరుగును. ఈ మూడింటిని వేరు చేయుట ఎట్లు? మాకు తోచిన పరీక్ష యొక్కటే. ఆమె కాదనియున్నచో ఏమి జరిగి యుండెడిది? కాదన్నను ఆమెకు కూడు, గూడు, గౌరవము నిలిచి యుండునట్లయిన, ఆమె సరే నిజమైన సరే. కాదనుటకు చోటు లేనిచోట సరే అను మాటకు అర్థము లేదు. తాళము వేసిన గదిలో నున్నవాడు తన యిష్టము చేతనే లోపల నున్నాడని మనము చెప్పుదుమా?

దీనిమీద ఒక ఆక్షేపణ రావచ్చును. బీదవారి బ్రతుకే బలవంతము; కూలికి పోవుటయు బలవంతమే, అప్పు చేయుటయు బలవంతమే. ఈ పరీక్ష ప్రకారము బీద స్త్రీ ఏ విషయములోను నిజమైన సమ్మతి చెప్పలేదు గదా, అట్లయిన తెలిసినవారే ఆమె బదులు నిర్ణయించుట మేలు కాదా అని. ఈ ఆక్షేపణలో కొంత సత్యమున్నది గాని దాని ముగింపు తప్పు. పేదరికము ఆమె ముందరి త్రోవలను తగ్గించును; ఉన్న త్రోవలలో ఏది తనదో తెలిసికొను బుద్ధిని తీసివేయదు. బీదరాలికి నిర్ణయించుట చేతకాదనుట ఆమె పేదరికమునకు అవమానమును కలుపుటయే. ఆమె తల మీద బరువున్నచో బరువును దింపవలెను గాని తలను తీసివేయరాదు. ఒత్తిడిని తొలగించుట మన పని. నిర్ణయము ఆమెది.

లేఖనములలో ఈ సంగతి మొదటినుండి కనబడుచున్నది. ఆదికాండము 16వ అధ్యాయములో హాగరును చూడుడి. ఆమె ఐగుప్తీయురాలైన దాసి. శారయి ఆమెను తీసికొని అబ్రామునకు ఇచ్చెను. ఇంటివారికి బిడ్డ కావలసియుండెను గనుక ఆమె గర్భమును వాడుకొనిరి. ఆ యింటిలో ఎవరును ఆమెను ఏమియు అడిగినట్లు వ్రాయబడలేదు. ఆమె పేరు పెట్టి పిలిచినట్లును లేదు. ఆమె అరణ్యమునకు పారిపోయినప్పుడు యెహోవా దూత ఆమెను పేరుపెట్టి పిలిచి, ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావని అడిగెను. ఆమె జీవితములో ఆమెకు వేయబడిన మొదటి ప్రశ్నగా అది మనకు వినబడుచున్నది. దూత ఆమెను తిరిగి పొమ్మనెను, నిజమే. అయితే చేతిలో ఏమియు లేకుండ పంపలేదు. వాగ్దానమును అబ్రాముతో గాక ఆమెతోనే చెప్పి పంపెను. దేవుడు తన్ను చూచుచున్నాడని గ్రహించి ఆయనకు పేరు పెట్టినది ఆ దాసియే.

నిర్గమకాండము మొదటి అధ్యాయములో రాజు లెక్కలు చూచి భయపడెను. ఇశ్రాయేలీయులు విస్తరించుచున్నారని, వారి కాన్పులను తన అధికారము క్రిందికి తెచ్చుకొన జూచెను. మంత్రసానులైన షిఫ్రా, పూయా అను ఇద్దరు స్త్రీలు దేవునికి భయపడి రాజాజ్ఞను మీరిరి. ఆ రాజు పేరేమో ఆ పుస్తకము చెప్పలేదు గాని ఆ మంత్రసానుల పేర్లు చెప్పెను. పైవారు లెక్క అడిగినప్పుడు తల్లుల పక్షమున నిలిచిన నర్సమ్మలకును ఆశా కార్యకర్తలకును ఆ యిద్దరు అక్కలవంటివారు.

మన రక్షకుడును అట్లే చేసెను. బేతెస్ద కోనేటి యొద్ద ముప్పది యెనిమిది ఏండ్లనుండి పడియున్న రోగిని చూచి, స్వస్థపడ గోరుచున్నావా అని ముందు అడిగెను (యోహాను 5). రోగి కోరిక ఏమో ఆయనకు తెలియదా? తెలియును. అయినను అడిగెను. తెలిసినవాడే అడిగినప్పుడు, తెలియని మనము ఇంకెంతగా అడుగవలెను!

పురుషులారా, ఇప్పుడు మీతో ఒక మాట. భార్య దేహముపై భర్తకే అధికారమను పౌలు మాటను మీరు పెండ్లి ప్రసంగములలో వినియుందురు. 1 కొరింథీయులకు 7వ అధ్యాయము, 4వ వచనమును చివరివరకు చదువుడి. అట్లే భర్త దేహముపై భార్యకు అధికారము కలదని అదే వచనములో కలదు. సగము వచనము చేత కాపురము చేయుట సరియా? పురుషుల ఆపరేషన్‌కు కడుపు తెరువ నక్కరలేదు. కత్తి గాటు లేకుండ కొద్ది నిమిషములలో చేయు పద్ధతి యున్నది. కొన్ని దినములు బరువు పని మానినచో చాలును. అది పనిచేయుటకు సుమారు మూడు నెలలు పట్టును గనుక అంతవరకు జాగ్రత్త పడవలెను. దానివలన మగతనము పోవునని, పొలము పని చేయలేడని చెప్పుకొను మాటలు నిజము కావు. బిడ్డలు వద్దని ఇద్దరును నిశ్చయించుకొనినప్పుడు, రెండు మూడు కాన్పుల నొప్పి పడిన దేహమే మరల కత్తికి లోబడవలెనని ఏ లేఖనము చెప్పుచున్నది? సంఘము కొరకు తన్నుతాను అప్పగించుకొనిన క్రీస్తును భర్తలు పోలియుండవలెనని యెఫెసీయులకు 5వ అధ్యాయములో చదువుచున్నాము.

ఇంకొక కీడు మన ప్రాంతములో నిశ్శబ్దముగా పెరిగియున్నది. చిన్న వయస్సులోనే గర్భసంచి తీయించుట. పైన చెప్పిన సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు తొమ్మిదిమందికి గర్భసంచి తీసివేయబడినది. తెలంగాణలోను ఇంచుమించు అంతే. దేశమంతటి సగటు నూటికి మూడు. మన స్త్రీల దేహములు ఇతర రాష్ట్రములవారి దేహములకంటె వేరుగా చేయబడినవా? తెల్లబట్ట అయినదని, నడుము నొప్పి యని వెళ్లిన స్త్రీకి, ఉంచుకొనిన క్యాన్సరు వచ్చునని భయపెట్టి తీసివేసిన ఉదాహరణలు మన సంఘములలో వినబడుచునే యున్నవి. నిజముగా అవసరమైనప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణమును కాపాడును. అందులో సందేహము లేదు. అవసరము లేనప్పుడు అది నలువదేండ్లు నిండకమునుపే స్త్రీ యెముకల బలమునకును గుండె ఆరోగ్యమునకును హాని తేవచ్చును. ఇట్టి అనవసరపు ఆపరేషన్లను అరికట్టుటకు నియమములను అమలుపరచవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములన్నిటిని ఆజ్ఞాపించెను. ఆ కేసును తెచ్చినవాడును ప్రజల పక్షమున నిలిచిన యొక వైద్యుడే.

మార్కు 5వ అధ్యాయములో పండ్రెండేండ్లు రక్తస్రావము గల స్త్రీ యున్నది. అనేకమంది వైద్యుల చేత ఎన్నో తిప్పలు పడి, ఉన్నదంతయు వ్యయము చేసి, మరింత కష్టపడిన స్త్రీ. ప్రభువు ఆమెను జనసమూహములో నిలిపి ఏమి చేసెను? ఆమె తన సంగతి యంతయు చెప్పువరకు వినెను. యాయీరు ఇంటిలో బిడ్డ చావ సిద్ధముగా నున్న గడియలోనే నిలిచి వినెను. తరువాత ఆమెను కుమారీ యని పిలిచెను. బీద స్త్రీ తన నొప్పిని చివరివరకు చెప్పుకొనునంత సమయము ఆమెకు దొరకుట ఈ కాలములో ఎంత అపురూపము!

ఈ తెలుగు నేలమీద సంఘమునకు ఈ విషయములో మంచి వారసత్వమే యున్నది. పురుష వైద్యుల యెదుటికి రాలేక ఇంటి గదులలోనే చనిపోవుచున్న స్త్రీల కొరకు లూథరన్ మిషనునుండి డాక్టరు అన్నా కూగ్లర్ దొరసాని 1883లో గుంటూరునకు వచ్చెను. ఆమె ప్రయాసము వలన 1898లో అక్కడ స్త్రీల కొరకు ఆసుపత్రి తెరువబడెను. స్త్రీ దేహమునకు జరుగు సంగతి సువార్తకు సంబంధించినదే యని ఆ తరమువారు ఎరిగియుండిరి.

ఇప్పుడు గాలి మరియొక వైపు తిరిగినది. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికంటె ఎక్కువ బిడ్డలున్నవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదను నియమము 1994 చట్టములో నుండెను. 2024లో దానిని తీసివేసిరి. జననములు తగ్గిపోయినవి, పనిచేయు యువకులు కరవగుదురు, ఇంకను బిడ్డలను కనుడని నాయకులు చెప్పుచున్నారు. ఆ నియమము పోవుట మంచిదే. కాని గమనింపుడి: నిన్న వద్దన్నవారు నేడు కనుమనుచున్నారు, రెండు పర్యాయములును లెక్క వారిది, కడుపు ఆమెది. తక్కువ కనుమని బలవంతపెట్టుట ఎంత తప్పో, ఎక్కువ కనుమని బలవంతపెట్టుటయు అంతే తప్పు. మగబిడ్డ కలుగువరకు కనుమని కోడలిని పీడించుటయు, కడుపులోనిది ఆడపిల్ల యని తెలిసికొని తీసివేయించుటయు ఆ వేరునుండి పుట్టిన కొమ్మలే. ఆ పరీక్షలను 1994 నాటి చట్టము నిషేధించినను ఆ పాపము ఇంకను పోలేదు.

అమెరికా దేశములో నల్లజాతి స్త్రీలు 1994లో చికాగో పట్టణమున కూడి ఈ విషయమునకు ఒక పేరు పెట్టిరి. పునరుత్పత్తి న్యాయము అని దానిని మన భాషలో చెప్పవచ్చును. దాని సారము మూడు మాటలు: బిడ్డలు వద్దనుకొను హక్కు, బిడ్డలు కావలెననుకొను హక్కు, కనిన బిడ్డలను క్షేమముగా పెంచుకొను హక్కు. రెండవ మాట వారెందుకు చెప్పవలసి వచ్చెనో ఒక విశ్వాసి జీవితము వలన తెలియును. ఫ్యానీ లూ హేమర్ మిసిసిపీ రాష్ట్రములో పత్తి చేలలో కూలి చేసిన స్త్రీ. తండ్రి బాప్టిస్టు బోధకుడు. ఆమె గుడిలో పాటలు పాడెడిది. 1961లో గడ్డ తీయుటకని ఆసుపత్రికి పోగా, ఆమెకు చెప్పకుండనే గర్భసంచి తీసివేసిరి. ఆ ప్రాంతములో నల్లజాతి బీద స్త్రీలకు ఇది తరచుగా జరిగెడిది. ఆమె మరుసటి సంవత్సరము ఓటు హక్కు కొరకు లేచి, దెబ్బలు తిని, చెరలో పడి, వెనుదీయలేదు. మన పత్తి చేలలో వంగి పని చేయుచున్న అక్కచెల్లెండ్రు ఆమెను తమ బంధువుగా ఎంచుకొనవచ్చును.

మన సుప్రీంకోర్టు 2009లో విచారించిన యొక సంగతియు ఇక్కడ చెప్పదగినది. చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రయములో నున్న, బుద్ధి పూర్తిగా ఎదుగని యొక అనాథ యువతి అత్యాచారము వలన గర్భవతి యాయెను. ఆమె మేలు కొరకే యని గర్భమును తీసివేయుటకు హైకోర్టు ఉత్తరువిచ్చెను. ఆమెనడుగగా బిడ్డ కావలెననెను. సుప్రీంకోర్టు ఆమె మాటను నిలిపెను. సంతానమును గూర్చిన నిర్ణయము రాజ్యాంగము 21వ అధికరణములోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పెను. లోకము బుద్ధిలేనిదని ఎంచిన పిల్లను న్యాయస్థానము అడిగినది. బుద్ధిగల మన కోడండ్రను మనము అడుగలేమా?

గర్భస్రావమును గూర్చి ఏమందురని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్నలో పుట్టని ప్రాణమును గూర్చిన గొప్ప భారమున్నది, దానిని నాలుగు వాక్యములలో తేల్చుట భక్తి కాదు. ఒక్క మాట చెప్పుదుము. అట్టి వేదనలో నున్న స్త్రీని వీధిలో తీర్పు తీర్చువారు, ఆమె అచ్చటికి వచ్చువరకు ఎక్కడ ఉండిరో తమ్ము తాము అడుగుకొనవలెను.

ఇంకొక ఆక్షేపణ మిక్కిలి భక్తిగలవారినుండి వచ్చును. మన దేహము మన సొత్తు కాదు, అది పరిశుద్ధాత్మకు ఆలయము, విలువపెట్టి కొనబడినది (1 కొరింథీయులకు 6). అట్లయిన నా దేహము, నా హక్కు అనుట విశ్వాసికి తగునా? ఇది మంచి ప్రశ్న. దేహము దేవునిదని మేమును ఒప్పుకొనుచున్నాము. దేవునిదైనది అత్తగారిది కాదు, పెనిమిటి ఒక్కనిది కాదు, ప్రభుత్వపు లెక్కలది కాదు. దేవుడు దానిని ఎవరి చేతికి అప్పగించెను? ఆ దేహములో నివసించువారి చేతికే. యజమానుడు తలాంతులను దాసులకు అప్పగించి, తిరిగి వచ్చి ఒక్కొక్కని వేరుగా లెక్క అడిగెను. మనలో ప్రతివాడును తన్ను గూర్చి దేవునికి లెక్క యొప్పగింపవలెనని రోమీయులకు 14వ అధ్యాయము చెప్పుచున్నది. ఒకరు చేసిన నిర్ణయమునకు మరియొకరు లెక్క చెప్పజాలరు. ఆమె లెక్క చెప్పవలసినదైతే, నిర్ణయించుటయు ఆమెకే ఉండవలెను. కాబట్టి ఆమె హక్కు దేవుని అధికారమునకు విరోధము కాదు. దేవుని యెదుట ఆమెకున్న బాధ్యతకు అది మరియొక పేరు.

ఒంటరిగా నిర్ణయింపవలెనని దీని భావము కాదు. కుటుంబములో ప్రేమతో ఆలోచన చెప్పుకొనుట మంచిది. సమూయేలును పాలు విడుచువరకు ఇంటియొద్దనే ఉంచుకొందునని హన్నా చెప్పినప్పుడు, ఎల్కానా ఆమెకు ఏది మంచిదని తోచునో దానినే చేయుమనెను (1 సమూయేలు 1). భర్త ఎట్లు ఆలోచన చెప్పవలెనో అతనినుండి నేర్చుకొనవచ్చును. అదే అధ్యాయములో ఆమె పెదవులు చూచి, ఆమె మాట వినక, మత్తురాలని తలంచిన యాజకుడును ఉన్నాడు. కాపరులమైన మాకు అది హెచ్చరిక. కాపరియును ఆమె బదులు నిర్ణయింపరాదు.

కాబట్టి ప్రియులారా, ఈ కొన్ని పనులను మన గృహములలోను సంఘములలోను ఆరంభింతము. అత్తలారా, కోడలిని ఒంటరిగా కూర్చుండబెట్టి ఆమె మనసును అడుగుడి. ఆమె చెప్పినది మీకు నచ్చకపోయినను ఆ పూట ఆమెకు అన్నము ప్రేమతో వడ్డించుడి. భర్తలారా, ఆసుపత్రికి ఇద్దరును కలిసి వెళ్లి అన్ని పద్ధతులను గూర్చి అడిగి తెలిసికొనుడి. మీ వంతు ఏమున్నదో అడుగుడి. సహోదరీలారా, కాగితము చదివి వినిపించువరకు వ్రేలిముద్ర వేయకుడి. ఈ ఆపరేషన్‌కు భార్య సమ్మతి యుండవలెను గాని భర్త సంతకము అక్కరలేదని ప్రభుత్వ నియమములే చెప్పుచున్నవి. ఒక బృందము ఒక దినములో ముప్పదికంటె ఎక్కువ ఆపరేషన్లు చేయరాదనియు నియమము కలదు. గుంపు ఎక్కువగానున్నచో ఇంకొక దినము వత్తునని చెప్పి లేచి వచ్చుటకు మీకు స్వాతంత్ర్యమున్నది. గర్భసంచి తీయవలెనని ఒక వైద్యుడు చెప్పినచో, తొందరపడక రెండవ వైద్యునికి చూపించుకొనుడి.

స్త్రీల సమాజములు నెలకొక కూటములో ఈ విషయమును మాటలాడుకొనవలెను. చదువుకొనిన సహోదరి ఆ కాగితమును తెచ్చి అందరికి చదివి వినిపింపవలెను. ఎవరైన ఆసుపత్రికి పోవునప్పుడు ఒక సహోదరి తోడు వెళ్లవలెను. అన్యాయము జరిగినచోట సంఘ పెద్దలు కుటుంబముతో కూడ అధికారుల యొద్దకు పోవలెను. బిడ్డలు లేని సహోదరిని శుభకార్యములలో వెనుకకు నెట్టకుడి. హన్నా కన్నీటిని చూచిన దేవుడు ఆమె కన్నీటిని చూచుచున్నాడు.

నజరేతులో దూత నిలిచిన ఆ కొద్ది క్షణములను తలంచుడి. మన ప్రతి గృహములోను స్త్రీకి అట్టి క్షణము దొరకవలెను; ఆమె ప్రశ్నకు ఉత్తరము దొరకవలెను; ఆమె మాట కొరకు మనము నిలువవలెను.

ప్రార్థన: హాగరును చూచిన దేవా, మా గృహములలో నోరు మెదపలేని వారిని చూడుము. తల్లులు లేక మిగిలిన బిడ్డలను నీ రెక్కల చాటున దాచుము. వైద్యులకును నర్సమ్మలకును ఓపికను, అధికారులకు నీ భయమును దయచేయుము. చెప్పుటకు ముందు అడుగుటను, చేయుటకు ముందు వినుటను మాకు నేర్పుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.